"అవగాహన లేదు" అని రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

విరేచనాలప్పుడు తాగించే ఉప్పు, చక్కెర నీళ్ళు, అదే ఓఆర్ఎస్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ దాన్ని జనం వాడకపోవడానికి "ప్రజల్లో అవగాహన లేకపోవడమే కారణం" అన్న వాక్యం కొట్టేయి. అది రాసేశాక ఇక ఆలోచించే పని ఉండదు.

ఓసారి పూర్ణా మార్కెట్‌కి వెళ్ళు. యూపీఐ వచ్చింది 2016లో. ఇవాళ కొత్తిమీర కట్టలమ్మే మామ్మ దగ్గర కూడా క్యూఆర్ అట్ట ఉంటుంది. ఆవిడకి ఎవరు సదస్సు పెట్టి చెప్పారు? చిల్లర గొడవ తీరింది, డబ్బు పడగానే డబ్బా అరిచి చెబుతోంది. బయట బైకుల అద్దాలకి హెల్మెట్లు వేలాడుతుంటాయి. మన విశాఖ ఉక్కలో చెమట ఇప్పుడే కారుతుంది, ప్రమాదం ఎప్పుడో, అసలు రాదేమో. పోలీసు కనబడితే మాత్రం తలకెక్కుతుంది!

ఇక నీ ఓఆర్ఎస్. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థుల శిబిరంలో కలరా వ్యాపించి సెలైన్ నిండుకుంటే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్ళు తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. అయినా ఊళ్ళకి చేరడానికి ఏళ్ళు పట్టింది. ఎందుకంటే ఆ నీళ్ళు విరేచనాలను ఆపవు, ఒంట్లోంచి పోయిన నీటినీ ఉప్పునీ తిరిగి నింపుతాయి, అంతే. తల్లి తాగించింది, బిడ్డకి మళ్ళీ అయింది. "ఏం తగ్గింది?" అంటుంది. సెలైన్ సీసా వేలాడితే వైద్యం జరుగుతున్నట్టు కనిపిస్తుంది. కళ్ళెదుట జరిగినదాన్నే నమ్మింది, అది మూర్ఖత్వమా?

బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి ఇంటింటికీ కార్యకర్తలను పంపి, చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం తల్లుల చేతే నీళ్ళలో కలిపించింది. తర్వాత తల్లులకి ఎంత గుర్తుందో చూసి కార్యకర్తలకి జీతం కట్టింది. ఈ జీతం సంగతి నాకు భలే నచ్చింది, నీ వ్యాసంలో లేదు.

మన కేజీహెచ్ ఆసుపత్రి పిల్లల వార్డు బయట కూర్చున్న తల్లులని పలకరించు. సలహాలివ్వకు. "ప్యాకెట్ ఇంటికి తీసుకెళ్ళాక ఏం చేశావమ్మా?" అని అడుగు. లీటరు నీళ్ళలో మొత్తం కలిపిందా, గ్లాసుకి కాస్త చొప్పున వేసిందా? వద్దన్నది అత్తగారా, మందులషాపు కుర్రాడా? ఆ జవాబులతో వ్యాసం మొదలుపెట్టు, బనగావ్ తర్వాత రావచ్చు. అంకెలు సగానికి తగ్గించి మళ్ళీ పంపు.

ఇట్లు,
మీ మాస్టారు