పిల్లికి శిక్షణ ఇవ్వగలమా?

ప్రశ్న: మా కుక్క ‘కూర్చో’ అనగానే కూర్చుంటుంది. ఏడాది వయసున్న పిల్లి మాత్రం పిలిచినా రాదు, సోఫా గీరడం మానదు. పిల్లులకు శిక్షణ ఇవ్వడం సాధ్యమేనా?

జవాబు: సాధ్యమే. మంచి ఫలితమిచ్చిన పనిని జంతువు మళ్లీ చేస్తుందన్న సూత్రానికి దారితీసిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ప్రయోగాలు (1898) ప్రధానంగా పిల్లులతో చేసినవే. ఆకలిగా ఉన్న పిల్లిని పెట్టెలో ఉంచి బయట ఆహారం పెడితే, తలుపు తెరుచుకునే కిటుకును అది క్రమంగా నేర్చుకునేది.

తేడా తెలివిలో కంటే ఆసక్తిలోనే ఎక్కువ. వేటలో, మందల కాపలాలో తరతరాలుగా మనిషితో కలిసి పనిచేసిన కుక్కకు యజమాని మెప్పు కూడా బహుమానమే. ధాన్యం నిల్వల దగ్గర ఎలుకల కోసం చేరిన పిల్లికి ఆ అవసరం రాలేదు. పెంపుడు పిల్లులు తమ పేరును గుర్తుపడతాయని జపాన్‌లో పరిశోధకురాలు అత్సుకో సైటో బృందం 2019లో చూపింది. అంటే మీ పిల్లికి వినబడుతూనే ఉండవచ్చు, రావాలని లేదంతే!

భోజనానికి ముందు, ఉప్పూ మసాలా లేని ఉడికించిన చికెన్ ముక్కను దాని ముక్కు దగ్గర నుంచి తల మీదుగా మెల్లగా వెనక్కి జరపండి. చూపు పైకి తిప్పుతూ అదే కూర్చుంటుంది. ఆ క్షణంలోనే ముక్క ఇవ్వాలి. ఆలస్యమైతే ఎందుకిచ్చారో దానికి అర్థం కాదు. రెండు మూడు నిమిషాలు చాలు.

గీరడం పిల్లికి సహజం కనుక మాన్పించలేం, చోటు మాత్రం మార్చగలం. సోఫా పక్కనే, అది నిలువునా ఒళ్లు సాగదీయగలిగేంత ఎత్తైన, కదలని కొయ్యకు జనపనార తాడు చుట్టి పెట్టండి. కొడితే, మీరు లేనప్పుడు గీరడం నేర్చుకుంటుంది.