లా డిగ్రీ లేకుండా అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ లాయర్ ఎలా అయ్యారు? చేసినవన్నీ పేదల కేసులేనా?

రెండో ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను: కాదు.

అప్పట్లో ఆయన ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలో లా డిగ్రీ ఎవరూ అడిగేవారు కాదు. న్యూ సేలంలో ఉంటూ, ఇరవై మైళ్ల దూరంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జాన్ టాడ్ స్టువర్ట్ అనే లాయర్ దగ్గర పుస్తకాలు ఎరువు తెచ్చుకుని చదివారు. 1836 మార్చి 24న సంగమన్ కౌంటీ కోర్టు ఆయన నడవడిక మంచిదని రాసిచ్చింది. సెప్టెంబర్ 9న రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జీలిద్దరు లైసెన్సు ఇచ్చారు. 1837 మార్చి 1న లాయర్ల జాబితాలో పేరెక్కింది. అప్పటికే ఎమ్మెల్యే కూడా.

రోజువారీ పని మాత్రం మన మున్సిఫ్ కోర్టు వాళ్లకి బాగా తెలిసిందే: ప్రామిసరీ నోట్లు, బాకీలు, పొలం గొడవలు. అప్పటి కామన్ లా (ఇంగ్లండ్ నుంచి వచ్చిన చట్ట సంప్రదాయం) పద్ధతిలో దావా రూపాన్ని తప్పుగా ఎంచుకుంటే, అసలు బాకీ నిజమే అయినా కేసు అక్కడే పోయేది. మొదటి భాగస్వామి స్టువర్ట్ తర్వాత, 1841లో భాగస్వామి అయిన లోగన్ అనే లాయర్ దగ్గరే ఆయనకి కాగితం పకడ్బందీగా రాయడం అబ్బిందంటారు. 1844 నుంచి మూడో భాగస్వామి హెర్న్‌డన్‌తో కలిసి పనిచేశారు, ఫీజు చెరి సగం. వసంతంలో, శరత్తులో వారాల తరబడి జడ్జితో పాటు ఊరూరా తిరగాలి. చాలా కేసులకి వచ్చేది ఐదు, పది, ఇరవై డాలర్లే.

పెద్ద ఫీజు రైల్వేది. ఇల్లినాయ్ సెంట్రల్ కంపెనీకి కౌంటీ పన్ను తప్పించి గెలిపించాక, వాళ్లు ఫీజు ఎగ్గొట్టారు. 1857లో 5,000 డాలర్ల కోసం ఆ కంపెనీ మీదే దావా వేసి గెలిచారు! అంతకు పదేళ్ల ముందు, 1847లో, బానిస యజమాని మాట్సన్ తరఫునా వాదించారు, ఓడిపోయారు. మాట్సన్ తన బానిసలన్న జేన్ బ్రయంట్, ఆమె పిల్లలు విడుదలయ్యారు. అభిమానులు ఈ కేసు ఊసెత్తరు.

ఫీజు తీసుకోని కేసూ ఉంది. 1858 మేలో, పాత స్నేహితుడి కొడుకు డఫ్ ఆర్మ్‌స్ట్రాంగ్ మీద హత్యకేసు విచారణ. రాత్రి 11 గంటలకి వెన్నెల్లో దెబ్బ కొట్టడం చూశానన్నాడు సాక్షి, చంద్రుడు బాగా పైన ఉన్నాడన్నాడు. లింకన్ పంచాంగం తెరిచి చూపించారు. ఆ వేళకి చంద్రుడు అసలు లేడని ఆయన నిరూపించినట్టు చాలామంది రాస్తారు, అది తప్పు. ఉన్నాడు, కానీ పడమట బాగా కిందికి దిగిపోయాడు. పంచాంగం దొంగదన్న పుకారూ నిలవదు: తర్వాత ఖగోళ లెక్కలు వేసి చూస్తే, ఆ రాత్రి 12 దాటిన కొద్ది నిమిషాలకే చంద్రుడు అస్తమించాడని తేలింది.