కాన్సెంట్రేటర్ పెడితే కాలి పుండు మానుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది నరసన్నపేట దగ్గర పల్లె. నాన్నకు 14 ఏళ్లుగా షుగర్. కోతలప్పుడు మడిలో కొయ్యకాలు అరికాల్లో గుచ్చుకుంది. నొప్పి లేదని ఊరుకున్నారు. నాలుగు నెలలైనా పుండు మానలేదు. వైజాగ్‌లో ఆక్సిజన్ చాంబర్‌లో పెట్టిస్తే మానుతుందని ఒకరన్నారు. కరోనాప్పుడు కొన్న కాన్సెంట్రేటర్, అదే గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మెషిన్, ఇంట్లోనే ఉందిగా, అది చాలదా అంటాడు మా బావ. పొలం కొంత అమ్మాలేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక సోదరి

జవాబు: అమ్మా, కాన్సెంట్రేటర్‌ని అటక మీదే ఉండనివ్వండి. నాన్నగారి వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి చూడండి, ఊపిరితిత్తులు బాగుంటే 97, 98 శాతం చూపిస్తుంది. అంటే ఎర్రకణాలు మోయగలిగినంతా ఇప్పటికే మోస్తున్నాయి. నిండిన బస్సులో ఇంకెవరిని ఎక్కిస్తాం?

చాంబర్ సంగతి వేరు. అందులో మామూలు గాలికి రెండు, రెండున్నర రెట్ల ఒత్తిడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తారు. గోళీసోడాలో గ్యాస్ నీళ్లలో కరిగినట్టు, అది రక్తంలో నీళ్లలా ఉండే భాగంలో, అంటే ప్లాస్మాలో కరుగుతుంది. వాచిన కండలోకి అలా చేరితే తెల్లకణాలు సూక్ష్మక్రిములతో గట్టిగా పోరాడతాయి, సన్నటి రక్తనాళాలు కొత్తగా మొలుస్తాయి.

అలాగని పొలం బేరం పెట్టకండి. పరిశోధనల ఫలితాలు అందరిలో ఒకేలా రాలేదు. పుండు ఎముక దాకా పోయి, మిగతా వైద్యం సరిగ్గా చేసినా మానకపోతేనే చాంబర్ గురించి ఆలోచిస్తాం. ముందు డాప్లర్ స్కాన్ తీసి కాలికి రక్తం అందుతోందో లేదో చూడాలి. ఎక్స్‌రే తీయాలి, చచ్చిన కండ సర్జన్ తీసేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పాదం మీద బరువు పడకూడదు. నాన్నగారు పొలానికి వెళ్తున్నారో లేదో మీరు రాయలేదు. వెళ్తూనే ఉన్నారని నా అనుమానం! స్పర్శ పోయిన కాలు కుంటనివ్వదు, అదే దాని మోసం. చుట్ట అలవాటుంటే ఇవాళే మానిపించండి. పుండు మీద పసుపు, కాఫీ పొడి అద్దకండి. కట్టు విప్పి అవి కడగడానికే నాకు అరగంట పడుతుంది.

చాంబర్ తప్పదంటే వారానికి ఐదు రోజులు, రోజూ గంటన్నర నుంచి రెండు గంటలు, 30, 40 సార్లు పడుకోవాలి. నరసన్నపేట నుంచి రోజూ తిరగలేరు, వైజాగ్‌లో గది చూసుకోవాలి. తలకి కొబ్బరినూనె రాయకూడదు, నూలు బట్టలే కట్టాలి, ఫోన్ బయటే. నిప్పు భయం మరి. ఘాట్ రోడ్డు దిగేటప్పటిలా చెవులు పట్టేస్తాయి, గుటకలు మింగాలి. లోపల షుగర్ పడిపోవచ్చు, ఇన్సులిన్ వేసుకుని ఖాళీ కడుపుతో పంపకండి.

ఈ వారమే సర్జన్‌కి చూపించండి. ఈలోగా కాలి వేలు నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆ రోజే బయల్దేరండి, రాత్రయినా సరే.