ముందు కందిపప్పు ఒక్కటే కొనండి

పాలకొల్లు

చి.సౌ. అమ్మాయికి పెద్దనాన్న ఆశీస్సులు.

భీమవరంలో మీ అపార్ట్‌మెంటు వాళ్ళంతా కలిసి టోకున సరుకులు తెప్పించుకుంటామని రాశావు. చాలా సంతోషం తల్లీ, తప్పకుండా చెయ్యండి. కానీ నీ పట్టీలో బియ్యం మొదలు సబ్బుల దాకా అన్నీ ఉన్నాయి. అక్కడే నాకు భయం.

1965లో టోక్యోలోని సెతగయాలో 200 మంది ఆడవాళ్ళు కలిసి మొదట కొన్నవి 300 పాలసీసాలు, అంతే. సెయికత్సు క్లబ్ సహకార సంఘం అలా మొదలైంది. మీరు కందిపప్పుతో మొదలుపెట్టండి. మినుములూ పెసలూ మన చేలల్లో పండుతాయి గానీ కంది పెద్దగా లేదు, అందరూ కొనాల్సిందే. బియ్యం ఇప్పుడే వద్దు. చాలామందికి సొంతూరి నుంచి వస్తాయి. మిగతావాళ్ళలో ఒకరికి పాతవి కావాలి, ఒకరికి సన్నాలు కావాలి. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల ధర చూస్తే ఆశ పుడుతుంది, బస్తా విప్పాక కుళ్ళినవి ఎవరి వాటా అని పేచీ వస్తుంది.

అసలు సంగతి అరువు. ఇంగ్లండులో రోచ్‌డేల్ కార్మికులు 1833లో పెట్టిన దుకాణం అరువులిచ్చి రెండేళ్ళకే మూతపడింది. 1844లో అదే వీధిలో 28 మంది తలా ఒక పౌను వేసుకుని మళ్ళీ తెరిచారు. ఈసారి రొక్కం ఇస్తేనే సరుకు. బజారు ధరకే అమ్మి, మిగిలింది ఎవరెంత కొన్నారో చూసి ఆ ప్రకారం పంచారు. 1904లో మద్రాసు ట్రిప్లికేన్‌లో పుట్టిన సహకార స్టోరుదీ అదే దారి. అప్పుడు మనకూ మద్రాసే రాజధాని. ఆ స్టోరు పేటపేటకూ శాఖలు పెట్టింది.

కొన్న ధరకే ఇచ్చేస్తామన్నావు, అది మాత్రం వద్దమ్మా. 50 కిలోల బస్తా కిలోల చొప్పున తూస్తే 50 రావు. ఆ తరుగు, ఆటో కిరాయి, సంచుల ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? మొదటి నెల నువ్వే పెట్టుకుంటావు, మూడో నెలకి విసుగొస్తుంది. బజారు కంటే కాస్త తక్కువకి అమ్మి, ఆర్నెల్లకోసారి మిగులు పంచండి. డబ్బు ముందే కట్టినవాళ్ళకే సరుకు తెప్పించండి, మీ పిన్నయినా సరే.

లెక్క రాసేవాళ్ళు వేరు, డబ్బు పట్టేవాళ్ళు వేరుగా ఉండాలి. నెలనెలా లెక్క లిఫ్టు పక్కన అంటించండి. రిజిస్ట్రేషన్‌కి తొందరేమీ లేదు. ఏడాది నడిచాక 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద చేసుకోవచ్చు.

కాటా కొనకు, మా ఇంట్లో ఉన్నది బస్సులో పంపిస్తాను.

మీ పెద్దనాన్న