ఆ గిటార్ మీదేనని నాన్నగారికి చెప్పండి

ప్రశ్న: మేడమ్, నా వయసు 46. మాది తెనాలి. చాలా ఏళ్లుగా టెక్సస్‌లో, డాలస్ దగ్గర ఉంటున్నాం. భార్య, తొమ్మిదేళ్ల పాప. నాకు పెడల్ స్టీల్ గిటార్ (కూర్చుని, కాలితో పెడల్స్ తొక్కుతూ వాయించేది) అంటే ప్రాణం. పద్నాలుగు నెలలు ఎదురుచూసి, 5,400 డాలర్లు పెట్టి, చేత్తో తయారు చేసే ఒక చిన్న వర్క్‌షాపులో చేయించుకున్నాను. అమ్మానాన్న మూడు నెలల క్రితం ఇక్కడికి వచ్చారు. అప్పటి నుంచీ మా ఆవిడ నాతో ముభావంగా ఉంటోంది. ఆ డబ్బుతో వంటగది బాగుచేయించుకునేవాళ్లం కదా అని ఓసారి అంది. ఇలాంటి వస్తువు విలువ ఆమెకి అర్థమయ్యేలా చెప్పడం ఎలా?

జవాబు: బాబూ, మీ ఉత్తరం ఏడు పేజీలు. పైన వేసింది దాని సారం మాత్రమే. ఏడింటిలో ఐదు పేజీలు గిటార్ గురించే ఉన్నా నాకెక్కడా విసుగనిపించలేదు. ఆ ఐదు పేజీల్లో మీ సంతోషం కనబడుతూనే ఉంది.

ముందు మీ ప్రశ్న సంగతి తేల్చేస్తాను. మీ ఆవిడకి దాని విలువ చెప్పక్కర్లేదు, ఆమెకి తెలుసు. అడ్వాన్సు చెక్కు మీద సంతకం పెట్టింది ఆమేనని రెండో పేజీలో మీరే రాశారు. పద్నాలుగు నెలలూ ఇంటి ఖర్చులు సర్దుకొచ్చింది ఆమె. గిటార్ ఇంటికొచ్చిన రోజు పెట్టె తెరిచి పసుపూ కుంకుమా పెట్టింది ఆమె. ఇంకా కొత్తగా ఏం అర్థం కావాలి ఆమెకి? వంటగది మాట కోపంలో నోటికొచ్చిన మాట. దాన్ని పట్టుకుని వేలాడకండి.

అసలు సంగతి ఐదో పేజీలో రెండు వాక్యాల్లో ఉంది. "అమ్మావాళ్లు వచ్చే ముందు రోజు గిటార్‌ని గరాజ్‌లోకి మార్చి దుప్పటి కప్పాను. నాన్నగారు చూసి అడిగితే, ఫ్రెండ్‌ది, ఇల్లు మారుతున్నాడని మా దగ్గర పెట్టాడని చెప్పాను." ఆ వెంటనే పెడల్స్ ఏ వరసలో ఉండాలి, పేరున్న వాద్యకారులు బడ్డీ ఎమ్మన్స్ పద్ధతి మంచిదా, జిమ్మీ డే పద్ధతి మంచిదా అని మళ్లీ పేజీన్నర రాశారు. నేను మాత్రం ఆ రెండు వాక్యాలు దాటి ముందుకి వెళ్లలేకపోయాను.

ధర తగ్గించి చెప్పడం ఎరగనిదాన్ని కాదు నేను. పట్టుచీర ఏడు వేలైతే మూడున్నర అని చెప్పే ఇళ్లలోనే మనందరం పెరిగాం. మా అత్తగారికి నేనూ చెప్పాను. పెద్దవాళ్ల ప్రాణం ఉసూరుమనకూడదని చెప్పే అబద్ధం అది. మీరు కూడా 5,400ని 300 అని చెప్పి ఊరుకుంటే నేనింత రాసేదాన్ని కాదు. మీరు ధర తగ్గించలేదు, నాది కాదన్నారు. ఎంతో ఆశపడి, ఎదురుచూసి, కష్టార్జితంతో కొనుక్కున్నదాన్ని కన్నతండ్రి ఎదుట నాది కాదనడం చిన్న మాట కాదు.

ఈ వాయిద్యం గురించి నాకు ముందు తెలియదు. హవాయి గిటార్ తెలుసు. మా చిన్నప్పుడు రేడియోలో సినిమా పాటల్ని దాని మీద వాయిస్తుంటే, మాటలు లేకపోయినా పాట ఇట్టే తెలిసిపోయేది. మీ ఉత్తరం చదివాక కూర్చుని కొంత విన్నాను. ఆ హవాయి గిటారే అమెరికాలో కాళ్లూ పెడల్సూ అమర్చుకుని ఇలా మారిందట. 1954లో విడుదలైన, అక్కడి గాయకుడు వెబ్ పియర్స్ పాట ఒకదాంట్లో స్టీల్ గిటార్ వాయించిన బడ్ ఐజాక్స్ తీగ మోగుతుండగానే పెడల్ తొక్కి స్వరం ఎక్కించాడు. అది విన్న స్టీల్ వాద్యకారులు చాలామంది తమ గిటార్లకీ పెడల్స్ కావాలనుకున్నారు. ఒక తీగ ఉన్నచోటే ఉండి పక్కది మెల్లగా పైకి ఎక్కుతుంటే, మన గమకానికి అలవాటుపడ్డ చెవికి అది పరాయి శబ్దంలా తోచదు. తెనాలి కుర్రాడు దానికెలా పడిపోయాడో నాకర్థమైంది.

మీది రెండు నెక్‌ల గిటార్. నెక్ అంటే తీగలు బిగించిన పలక. అవతలి నెక్ శ్రుతి ఇ9, ఇవతలిది సి6, ఒక్కోదానికి పది తీగలు. మొత్తం ఎనిమిది పెడల్స్, ఐదు మోకాలి లివర్లు. ఒళ్లంతా చిన్నచిన్న చుక్కలున్న మేపుల్ చెక్క, దాని మీద ద్రాక్షరంగు పాలిష్. ఇవన్నీ రాసి, దాని అసలు అందం అడుగున ఉందన్నారు. బోర్లిస్తే సన్నని ఉక్కు కడ్డీలు మగ్గం మీద పడుగులా వరసగా ఉంటాయనీ, మొదటి పెడల్ తొక్కితే వాటిలో రెండే కదిలి ఐదో తీగనీ పదో తీగనీ బి స్వరం నుంచి సి షార్ప్‌కి లాగుతాయనీ, ఎవరూ చూడని ఆ అడుగు భాగాన్ని కూడా చేసినాయన అద్దంలా తీర్చాడనీ రాశారు.

అది చదివితే నాకు మా అక్క వీణ గుర్తొచ్చింది. పెళ్లికి నాన్న బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేయించారు. ఒకే పనస దుంగలోంచి తొలిచిన ఏకాండి వీణ. తెచ్చుకోవడానికి నాన్నతో నేనూ వెళ్లాను. చేసినాయన వీణని బోర్లించి, నాన్న చెయ్యి పట్టుకుని కుండ అడుగున పెట్టించాడు. అక్కడ ఎంత నునుపో చేత్తో తెలియాలని. నాన్న చాలాసేపు చెయ్యి తియ్యలేదు. అక్క అత్తవారింట్లో ఆ వీణ హాల్లోనే ఉండేది. ఎవరొచ్చినా "మా నాన్న చేయించారు" అని అక్క చెప్పేది. పనివాడు అంత శ్రద్ధగా చేసిన వస్తువుని ఇంటికి తెచ్చుకున్నవాళ్లు, అది మాది అని నోరారా చెప్పుకోవాలి. అందులో గొప్పలు పోవడమేమీ లేదు.

మీ గిటార్ చేసినాయన తన పేరు ముందు పలక మీద వేశాడన్నారు. వాయించేవాడి వైపు కాదు, ఎదుట కూర్చున్నవాళ్లకి కనబడే వైపు. ఆ వాయిద్యానికి అదే ఆనవాయితీ అట కదా. నాష్‌విల్‌లో షాట్ జాక్సన్, బడ్డీ ఎమ్మన్స్ కలిసి గిటార్లు చేసినప్పుడు ఇద్దరి పేర్లనీ కలిపి షో-బడ్ అని పెట్టుకున్నారు. తర్వాత ఎమ్మన్స్ విడిపోయి తన సొంత గిటార్ల మీద తన పేరే వేసుకున్నాడు. ఎదుటివాళ్లు చదవాలని వేసిన పేరు మీద మీరు దుప్పటి కప్పారు.

ఎందుకు కప్పారో కూడా మీరే రాశారు. 1996లో, ఇంటర్ రెండో ఏడాది, హాస్టల్ ఖర్చులకిచ్చిన డబ్బులు మిగిల్చి సెకండ్ హ్యాండ్ గిటార్ కొన్నారు. నాన్నగారు ఒక్క మాట అనకుండా దాన్ని తీసుకెళ్లి వీధి చివర టైలర్ కొడుక్కి ఇచ్చేశారు. ఎంసెట్ అయిపోయాక కూడా దాని ఊసు ఎత్తలేదు. తర్వాత ఎకరంన్నర పొలం అమ్మి మిమ్మల్ని అమెరికా పంపారు. మాష్టారుగా రిటైరైన మనిషి, ఇప్పుడు 74 ఏళ్లు. పొలం అమ్మి చదివించిన కొడుకు నాలుగున్నర లక్షలు పోసి గిటార్ కొన్నాడంటే ఏమనుకుంటారో అని మీ భయం.

ఆ రోజు ఆయన చేసింది తప్పనే నేనంటాను. పిల్లవాడు కొనుక్కున్న వస్తువుని వాడితో ఒక్కమాటైనా చెప్పకుండా ఇంకొకరికి ఇచ్చే హక్కు తండ్రికి కూడా లేదు. పొలం అమ్మినాయన కూడా ఆయనే, అదీ నిజమే. ఈ రెండూ కలిసి ముప్ఫై ఏళ్లుగా మీ నోరు కట్టేశాయి. నాన్నగారి మోకాళ్ల ఆపరేషన్ మీరు చేయించారు. ఊళ్లో ఇంటికి స్లాబ్ వేయించారు. చెల్లెలి పెళ్లి చేశారు. కొడుకుగా చెయ్యాల్సినవన్నీ చేశాకే మీ కోసం ఒక్కటి కొనుక్కున్నారు. ఇందులో తల దించుకోవాల్సింది నాకేమీ కనబడలేదు.

పక్కింటి పెద్దాయన సంగతి కూడా చెప్పాలి. శనివారాలు మీకు పాఠం చెప్పే ఆయన "గుడ్, సన్" అన్నాడని ఉత్తరంలో మూడు చోట్ల రాశారు. గిటార్ వచ్చిన రోజు ముందు ఆయన్నే పిలిచి, బోర్లించి, ఒక్కో కడ్డీ చూపించారు. అది చదివి నా మనసు చివుక్కుమంది. నాన్నగారి నోటి నుంచి రావాల్సిన మాట కోసం మీరు కంచె అవతలికి వెళ్తున్నారు. పాఠాలు మానొద్దు, ఆ పెద్దాయన మంచివాడు. కానీ ఆయన ఎన్నిసార్లు మెచ్చుకున్నా మీ ఆకలి తీరడం లేదు, అందుకే మూడుసార్లు రాశారు.

ఇప్పుడు మీ ఆవిడ సంగతి. ఆమె ముభావం ఎప్పుడు మొదలైందో చూసుకోండి. గిటార్ కొన్నప్పుడు కాదు, మీరు నాన్నగారికి ఆ మాట చెప్పిన రాత్రి. మర్నాడు వంటింట్లో మీ అమ్మగారు "ఆ డబ్బా ఎవరిదే అమ్మాయ్?" అని అడిగితే, మీ మాట పోకూడదని ఆమె కూడా ఫ్రెండ్‌దే అంది. "మావాడు ఇలాంటి వాటికి డబ్బు తగలేసే రకం కాదులే" అని అమ్మగారు మురిసిపోయారట. ఆ మురిపెం ముందు తల ఊపుతూ నిలబడాల్సి వచ్చింది మీ ఆవిడకి. అత్తగారితో ఇన్నేళ్లూ నిజాయితీగా నెట్టుకొచ్చిన కోడలి చేత మీరు అబద్ధం ఆడించారు. పైగా, విలువ తెలియనిది ఆమెకేనని నాకు ఉత్తరం రాశారు. ఇది న్యాయం కాదు బాబూ.

అన్నిటికంటే నాకు బాధ కలిగించింది పాప. మీరు సాధన చేస్తుంటే తను కార్పెట్ మీద వెల్లకిలా పడుకుని, ఏ లివర్‌కి ఏ కడ్డీ కదులుతుందో చూస్తూ, కదిలినప్పుడల్లా పైకి చెప్పేదన్నారు. తాతయ్య అడిగిన రోజు "తాతయ్యా, అది నాన్న..." అని మొదలుపెట్టి, మీరు చూసిన చూపుకి ఆగిపోయింది. ఆ తర్వాత గరాజ్ వైపు రాలేదన్నారు. తొమ్మిదేళ్ల పిల్లకి అక్కడ ఏం తెలిసిందో ఒక్కసారి ఆలోచించండి. 46 ఏళ్ల నాన్న కూడా తనకిష్టమైనదాన్ని ఇంట్లో పెద్దవాళ్లకి భయపడి దాస్తాడని తెలిసింది. రేపు తను మీ దగ్గర ఏదైనా దాచితే, అప్పుడు మీరేమంటారు?

మీరు దీన్ని నాన్నగారి మీద గౌరవం అనుకుంటున్నారు, నేను అనుకోను. జీవితమంతా పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, పొలం అమ్మే నిర్ణయం గుండె రాయి చేసుకుని ఒక్కడే తీసుకున్న మనిషి. ఒక గిటార్ సంగతి వినలేనంత బలహీనుడు కాడు. కోప్పడతారేమో, కోప్పడనివ్వండి. రెండ్రోజులు మాట్లాడరేమో, కాచుకోండి. అసలు ఏమీ అనకపోవచ్చు కూడా. అదే మీకు కష్టంగా ఉంటుంది, 1996లోనూ ఆయన ఏమీ అనలేదు కదా. అయినా చెప్పాల్సిందే.

చెప్పేటప్పుడు పాత గిటార్ సంగతి ఎత్తకండి. ఎత్తారంటే మీ అబద్ధానికి ఆయన్ని ముద్దాయిని చేసినట్టవుతుంది. అది వేరే రోజు మాట్లాడుకోవాల్సిన మాట, మాట్లాడుకోండి కూడా. ఈసారికి ఇంతే చెప్పండి: "నాన్నగారూ, అది నాదే. మీరేమంటారోనని అబద్ధం చెప్పాను. తప్పయింది." ధర అడిగితే ధర చెప్పండి, రూపాయల్లోనే చెప్పండి. ఎందుకు కొన్నానంటే అని సంజాయిషీ మొదలుపెట్టొద్దు. అమ్మగారిని కూడా పక్కన కూర్చోబెట్టండి, మీ ఆవిడ మళ్లీ విడిగా చెప్పాల్సిన అవసరం రాకూడదు. అంతకంటే ముందు మీ ఆవిడ దగ్గరికి వెళ్లి, నీ చేత అబద్ధం ఆడించాను, క్షమించమని అడగండి. వంటగది సంగతి ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని లెక్కలు చూసుకోవచ్చు.

వాయించి ఆయన్ని మెప్పించాలని కూడా చూడొద్దు. ఆయన వినాలనుకుంటే వింటారు. షేవింగ్ చేసుకుంటూ కూనిరాగం తీస్తారని రాశారుగా, అంటే పాట అంటే గిట్టని మనిషేం కాదు. ఆయన దగ్గరికొచ్చి చూస్తే మాత్రం బోర్లించి అడుగు చూపించండి. లెక్కల మాష్టారికి ఆ కడ్డీల లెక్క తప్పకుండా పడుతుంది.

రాత్రి పదకొండింటికి అందరూ పడుకున్నాక టార్చి వేసుకుని గరాజ్‌లోకి వెళ్లి మెత్తటి గుడ్డతో తుడిచి వస్తున్నానన్నారు. ఆ పని ఇక మానండి. టెక్సస్ ఎండకి గరాజ్‌లో పాలిష్ నెర్రెలిస్తుందని మీకు నాకంటే బాగా తెలుసు. ఈ ఆదివారమే, కాఫీలయ్యాక, అందరూ చూస్తుండగా లోపలికి తెచ్చెయ్యండి. పెట్టెతో కలిపి 30 కిలోలుంటుంది కాబట్టి నాన్నగారిని చెయ్యి వెయ్యనివ్వొద్దు, ఆ పని మీది. పాపని పిలిచి నాలుగు కాళ్లూ పెడల్ బార్ తన చేతికివ్వండి. ఏ కడ్డీ ఏ పెడల్‌కి తగిలించాలో తనకి తెలుసు. మీరు పక్కన కూర్చుని తగిలించనివ్వండి. తాతయ్య అది ఎవరిదని మళ్లీ అడిగితే జవాబు కూడా తననే చెప్పనివ్వండి.