ఆవిడ మాట ఎత్తితే అందరూ మౌనమే... ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 74 ఏళ్లు. తెనాలి దగ్గర ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. 48 ఏళ్లు నాతో కాపురం చేసిన నా భార్య కిందటి కార్తీకంలో గుండెపోటుతో కాలం చేసింది. వచ్చినవారంతా ‘పుణ్యస్త్రీగా వెళ్లింది, ఏడవకూడదు’ అన్నారు. ఇప్పుడు ఆమె మాట ఎత్తితే అమ్మాయి ఫోన్ పెట్టేస్తుంది. ఆమె పాల లెక్క రాసిన క్యాలెండరును గోడమీంచి తీసేయమని అబ్బాయి అంటాడు. తొమ్మిదేళ్ల మనవడు నాయనమ్మ గురించి అడిగితే కోడలు వారిస్తుంది. వచ్చే నెలలో సంవత్సరీకం. ఆమెను ఇంతగా తలచుకోవడం నా తప్పా?

జవాబు: తప్పు కానే కాదండీ. పసుపు కుంకుమలతో వెళ్లిందనే మాటను పెద్దలు ఓదార్పుగానే అంటారు, మహాలయ పక్షంలో అవిధవా నవమిని అలాంటి స్త్రీల కోసమే కేటాయించిన సంప్రదాయం మనది. అయితే ఆ మాట ఆవిడ పోయిన తీరును మెచ్చుకుంటుందే తప్ప, ఆవిడ ఎలాంటి మనిషో చెప్పదు. మీరు ఏడాదిగా వినాలనుకుంటున్నది ఆ రెండోదేనని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది.

పిల్లలు అమ్మను మరచిపోయారని అనుకోకండి. మీరు కంటతడి పెడతారేమోనని అబ్బాయి, తానే తట్టుకోలేనేమోనని అమ్మాయి తప్పించుకుంటూ ఉండవచ్చు. ‘అమ్మ గురించి మాట్లాడితే నాకు ఏడుపు వచ్చినా ఫరవాలేదు, మాట్లాడకపోతేనే బాధగా ఉంది’ అని మీరే నోరు తెరిచి చెప్పండి. తొమ్మిదేళ్ల పిల్లవాడికి చనిపోయినవారు తిరిగి రారని తెలుస్తుంది, కానీ పెద్దలు నోరు మూయిస్తే అడగకూడనిదేదో జరిగిందని లోలోపల బెంగ పెట్టుకుంటాడు. ఈ సంగతి కోడలికి నెమ్మదిగా చెప్పండి. క్యాలెండరును మాత్రం తీయకండి. ఏ రోజు అర లీటరు ఎక్కువ పోయించుకుందో, ఆ రోజు ఇంటికి ఎవరొచ్చారో ఆ అంకెల పక్కన కూర్చుని మనవడికి మీరు చెప్పగలరు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మన ఆచారం మాసికాలతో ఏడాది పాటు దుఃఖానికి చోటిచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆరు నెలలు దాటి, ఆయా సమాజాలు సహజమనుకునే కాలాన్ని కూడా మించి, రోజువారీ పనులు సాగనివ్వని దుఃఖానికే చికిత్స అవసరమంటుంది. మీకు తిండి, నిద్ర బొత్తిగా కరవైతే వైద్యుణ్ని కలవండి. బతకాలనిపించకపోతే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఈ టెలి మానస్ సేవ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక సంవత్సరీకం రోజున, కార్యక్రమం, భోజనాలు అయ్యాక చుట్టాలను వెంటనే బయలుదేరనివ్వకండి. మీకు తెలిసింది పెళ్లినాటి నుంచి ఉన్న మనిషే. పుట్టింట్లో ఆవిడ ఎంత అల్లరిదో, చదువు ఎక్కడ ఆగిందో, పెళ్లికి ముందు దేనికి భయపడిందో తోబుట్టువులకు తెలుసు. మీకు చెప్పుకోని కష్టాన్ని పక్కింటావిడకు చెప్పుకుని ఉంటుంది. జ్వరం వచ్చిన రాత్రుల అమ్మ పిల్లలకే తెలుసు. ఒక్కొక్కరినీ ఒక్క సంఘటన చెప్పమని అడగండి, ముందుగా మీరే మొదలుపెట్టండి. ఆవిడ కోపం, పట్టుదల కూడా అందులో రావాలి, పొగడ్తలే అయితే మనవడికి నాయనమ్మ అందదు. ఆవిడకు అక్కగారు ఉంటే, ఆ వదినగారిని నాలుగు రోజులు ముందే పిలిపించుకోండి. పెద్దావిడ తీరికగా చెప్పే కబుర్లను ఫోన్‌లో రికార్డు చేసే పని మనవడికి అప్పగించండి.