స్ప్రింక్లర్ల కోసం డిపాజిట్ రద్దు చేయాలా?

ప్రశ్న: మాది గుంటూరు. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. ఇంటి ముందు 1,200 చదరపు అడుగుల పచ్చికకు నాలుగేళ్ల క్రితం స్ప్రింక్లర్లు పెట్టించాము. సంక్రాంతి తర్వాత చూస్తే సగం నాజిళ్లు సరిగా చిమ్మడం లేదు. ఎండలు ముదరకముందే అన్నీ మార్చాలని, 38,000 రూపాయలవుతుందని మెకానిక్ అంటున్నాడు. క్రెడిట్ కార్డు వాయిదాల్లో కట్టాలా, ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేయాలా?

జవాబు: మాస్టారూ, ప్రస్తుతానికి రెండూ వద్దు. మన దగ్గర పైపులు పగిలేంత చలి ఉండదు కనుక, సగం నాజిళ్లు ఒకేసారి మందగించాయంటే బోరు నీటి సున్నం గారకట్టిందనో, ఫిల్టరు జల్లెడ పూడిపోయిందనో ముందుగా అనుమానించాలి. జల్లెడను పాత టూత్ బ్రష్షుతో కడిగి, నాజిళ్లను వెనిగర్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. సూదితో మాత్రం పొడవకండి, రంధ్రం పెద్దదైతే చిమ్మే తీరే మారిపోతుంది. తిరిగి బిగించే ముందు ఒక నిమిషం మోటారు వేసి పైపుల్లోని ఇసుకను బయటికి పోనివ్వండి. ట్యాంకు నుంచి మోటారుకు వచ్చే పైపునూ తడిమి చూడండి: నిమిషానికి ఒక్క లీటరు కారినా రోజుకు 1,440 లీటర్లు పోతాయి, అదే మీ పచ్చిక మొత్తానికి 5 మిల్లీమీటర్ల తడి ఇవ్వడానికి దాదాపు 560 లీటర్లు చాలు.

ఇంత చేసినా చిమ్మని నాజిళ్లు ఎన్నో లెక్కపెట్టి, వాటికి మాత్రమే మరో ఇద్దరి దగ్గర విడివిడిగా ధర రాయించుకోండి. అప్పటికీ పెద్ద మొత్తం కావలసివస్తే, డిపాజిట్‌ను తుంచే బదులు దానిపైనే బ్యాంకులో రుణం తీసుకోవడం మేలు. ఆ రుణానికి సాధారణంగా డిపాజిట్ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ పడుతుంది. కార్డు వాయిదాల్లో వడ్డీ లేదని చెప్పినా ప్రాసెసింగ్ రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ ఉన్నాయేమో అడగండి. పింఛను మీద నడిచే ఇంట్లో కార్డు బాకీ నిలవడం నాకు బొత్తిగా నచ్చదు.

ఇవి ఎప్పటికైనా అరిగేవే కనుక, వచ్చే నెల నుంచి 800 రూపాయల రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. నాలుగేళ్లలో అసలే 38,400 అవుతుంది, పైన వచ్చే వడ్డీ ధరల పెరుగుదలకు కొంత ఆసరా. ఫిల్టరు కడిగే పనిని మాత్రం ఏటా ఉగాదికి ముందే ముగించండి.